రక్తాన్ని అదుపు చేసిన వైద్యుడు – డాక్టర్ హార్వే కుషింగ్

మెదడులో నరం చిట్లిందనే మాట వింటేనే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. నేడు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టం గుండా ఆ గడ్డకట్టిన రక్తాన్ని తీసివేసే పద్ధతి వచ్చింది. దీనికి బాట వేసిన వారిలో ముఖ్యుడైన డాక్టర్ హార్వే కుషింగ్ జీవితాన్ని మన సభ్యులకు, వారి కుటుంబాలకు క్లుప్తంగా తెలియజేయదలచాము.

కుషింగ్ 1869 ఏప్రిల్ 8న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, పదిమంది సంతానంలో కడగొట్టువాడుగా జన్మించారు. తండ్రి, తాత, ముత్తాత అందరూ వైద్యులే. ఆయన హార్వర్డ్‌లో చదువుతుండగా, తాను ఈథర్ మత్తు ఇస్తున్న రోగి చనిపోయాడు. ఆ దిగులుతో చదువే మానేద్దామనుకున్నారు. కాని మానలేదు. మిత్రుడు కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడిని, శ్వాసను ఎప్పటికప్పుడు కాగితం మీద రాసి పెట్టే పద్ధతి తెచ్చారు.

1895లో పట్టా పొందాక, జాన్స్ హాప్‌కిన్స్‌లో హాల్‌స్టెడ్ వద్ద చేరి, తొందరపడకుండా, రక్తం పోకుండా, సుతారంగా కొయ్యటం నేర్చారు. 1901లో ఇటలీలోని పావియాలో, చేతికి పట్టీ చుట్టి గాలి నింపి రక్తపోటు కొలిచే రీవా-రోచీ సాధనాన్ని చూశారు. దాన్ని అమెరికా తీసుకువెళ్ళి, ఆపరేషన్లలో వాడాలని పట్టుబట్టారు. వేలితో నాడి చూస్తే చాలదా అని పలువురు పెద్ద డాక్టర్లు పెదవి విరిచారు. చివరకు ఆయన మాటే నెగ్గింది.

ఆ రోజుల్లో మెదడు ఆపరేషన్ అంటే ప్రాణం మీద ఆశ వదులుకోవటమే. కారే రక్తం ఆగేది కాదు. కుషింగ్ 1911లో సన్నని వెండి క్లిప్పులతో రక్తనాళాలను బిగించే ఉపాయం చెప్పారు. 1926 జూన్‌లో పెద్ద కుమారుడు కారు ప్రమాదంలో మరణించాడన్న కబురు వచ్చింది. ఆ రోజు ఆపరేషన్ కూడా ఆయన మానలేదు. అదే ఏడాది అక్టోబరు 1న, భౌతికశాస్త్రజ్ఞుడు బోవీ తయారుచేసిన విద్యుత్ పరికరంతో, అంతకు ముందు రక్తం ఆగక మధ్యలో వదిలేసిన ఒక గడ్డను తొలగించారు. 1931 నాటికి రెండువేల మెదడు గడ్డల ఆపరేషన్లు పూర్తిచేశారు.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. సహాయకుల మీద కసురుకునేవారు. సిగరెట్లు విపరీతంగా కాల్చేవారు. కాళ్ళ రక్తనాళాలు దెబ్బతిన్నాయి. 1939 అక్టోబరు 7న గుండెపోటుతో కన్నుమూశారు.

గొట్టం ద్వారా చేసే ఆపరేషన్ మీద అమెరికాలో 300 మంది రోగులతో జరిగిన పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. 24 గంటల లోపు చేస్తే, మెదడు పైపొరలకు దగ్గరగా రక్తస్రావం అయిన వారు మెరుగ్గా కోలుకున్నారని తేలింది. లోతున అయినవారికి అంత లాభం కనబడలేదు.

మెదడులో నరాలు చిట్లటానికి పెద్ద కారణం అధిక రక్తపోటే. కనుక కుషింగ్ ప్రచారం చేసిన వాటిలో కత్తి కంటె ఆ చేతిపట్టీయే మనకు ఎక్కువ అక్కరకు వస్తుందని మా అభిప్రాయం. ఇంట్లో అబ్బాకు, అమ్మీకి, నానీకి తప్పక బి.పి. చూపించండి. బాగానే ఉంది కదా అని మాత్రలు మానెయ్యకండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.