గాజు బుడ్డిలో ఈల: ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ

మా హాస్టల్‌లో ఈ.సి.ఇ. సీనియర్ అన్న ఒకడు పోయిన సెమిస్టర్‌లో సొంతంగా ఒక హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చేశాడు. ట్రాన్సిస్టర్‌ది కాదు, ట్యూబ్‌ది. మన తాతల కాలం రేడియోల్లో ఉండేదే, వాళ్ళు వాల్వు అనేవారు. బొటనవేలంత గాజు బుడ్డి. స్విచ్ వేశాక వెంటనే ఏమీ వినపడదు. అర నిమిషం ఆగాలి. లోపల చిన్న నారింజ రంగు వెలుగు వస్తుంది, తర్వాత నెమ్మదిగా శబ్దం మొదలవుతుంది.

మొదటిసారి విన్నప్పుడు పాట రాలేదు, ఈల వచ్చింది. చెవులు చిల్లులు పడేంత ఈల. అన్న హెడ్‌ఫోన్ లాగేసి, మూత తీసి, ఒక వైరుని పక్కకి జరిపాడు. ఈల ఆగిపోయింది. అప్పుడు మాయాబజార్ పాటలు పెట్టాడు. ఘంటసాల గొంతు ఫోన్‌లో కంటే కాస్త నిండుగా, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు అనిపించింది. 'స' అక్షరం చెవిలో గుచ్చుకోలేదు. తబలా మాత్రం కొంచెం మెత్తబడింది. పాటకీ పాటకీ మధ్య సన్నగా హమ్ వినిపిస్తూనే ఉంది. గాజు మీద గోరుతో తడితే చెవిలో టంగ్ మంది! కళ్ళు మూసి రెండూ మార్చి మార్చి వినిపిస్తే ఏది ఏదో చెప్పగలనని గ్యారంటీ ఇవ్వను గానీ, ఆ రాత్రి మాత్రం చాలాసేపు విన్నాను.

ఆ ఈల ఎందుకు వచ్చిందని అడిగాను. బయటికొచ్చే వైరు లోపలికెళ్ళే వైరుకి దగ్గరగా ఉందిరా, ఫీడ్‌బ్యాక్ అన్నాడు. తర్వాత ఒక పేరు చెప్పి వెతుక్కోమన్నాడు. ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రుడి మీద దిగినాయన కాదు, ట్రంపెట్ వాయించినాయన కూడా కాదు. వెతికాను. సెమిస్టర్ పరీక్షల ముందు వెతక్కుండా ఉండాల్సింది, ఎందుకంటే వారం రోజులు ఇంకేమీ చదవలేకపోయాను.

మేడ మీద గదిలో

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. నాన్న ఒక పుస్తక ప్రచురణ సంస్థలో ఉద్యోగి, అమ్మ పెళ్ళికి ముందు టీచర్. ఎనిమిదేళ్ళ వయసులో ఒక నరాల జబ్బు వచ్చింది. తగ్గింది గానీ, భుజం, మెడ ఉన్నట్టుండి అదరడం మాత్రం జీవితాంతం ఉండిపోయింది. రెండేళ్ళు బడికి పోలేదు. జనంలో కలవడం తక్కువ, ఒంటరిగా ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ కూర్చోవడం ఎక్కువ.

తర్వాత కుటుంబం హడ్సన్ నది ఒడ్డున యాంకర్స్ అనే ఊరికి మారింది. ఆ ఇంటి మేడ మీద గది అతని ల్యాబ్. పద్నాలుగేళ్ళకే మార్కోనీ గురించి చదివి, నేను కూడా ఇన్వెంటర్‌నే అవుతానని తేల్చేసుకున్నాడు. పెరట్లో 125 అడుగుల యాంటెన్నా స్తంభం తనే నిలబెట్టాడు, దాని మీదకి తనే ఎక్కేవాడు. ఎత్తులంటే అతనికి భయం లేదు, సరదా. కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరాక ఎర్ర మోటార్‌సైకిల్ మీద రోజూ ఇంటి నుంచి వెళ్ళొచ్చేవాడు. అంటే మన భాషలో డే స్కాలర్.

అప్పటికి ఆడియాన్ అనే గాజు బుడ్డి మార్కెట్లో ఉంది. 1906లో లీ డి ఫారెస్ట్ తయారుచేశాడు. లోపల మూడే మూడు భాగాలు. వేడెక్కే తీగ ఫిలమెంట్. ఎదురుగా రేకు, అది ప్లేట్. రెండింటి మధ్యలో జల్లెడ లాంటి గ్రిడ్. గ్రిడ్ మీద వోల్టేజి రవ్వంత మారితే, తీగ నుంచి ప్లేట్‌కి పోయే కరెంటు చాలా మారుతుంది. డ్యామ్ గేటు లాంటిదనుకోండి. గేటు కదపడానికి కావాల్సిన బలం వేరు, కిందికి దూకే నీళ్ళ బలం వేరు.

విచిత్రం ఏమిటంటే, అదెలా పనిచేస్తుందో దాన్ని తయారుచేసిన డి ఫారెస్ట్‌కే సరిగా తెలీదు. బుడ్డిలో మిగిలిపోయిన గ్యాస్ వల్లే పనిచేస్తుందని అతని నమ్మకం. నిజానికి గ్యాస్ ఎంత తీసేస్తే అంత బాగా పనిచేస్తుంది. మనం ఎక్కడినుంచో తెచ్చి అతికించిన కోడ్ రన్ అవుతుంది చూడండి, ఎందుకు రన్ అయిందని వైవాలో అడిగితే నేల చూపులు చూస్తాం. అలాంటిదే.

ఆర్మ్‌స్ట్రాంగ్ వైవాకి ప్రిపేరైన స్టూడెంట్. కొలతలు తీసుకున్నాడు, గ్రాఫులు గీశాడు. ప్లేట్ నుంచి వచ్చే కరెంటులో కూడా రేడియో తరంగం తాలూకు ఊపు ఇంకా ఉందని కనిపెట్టాడు. మరి దాన్ని మళ్ళీ గ్రిడ్‌కే ఇస్తే? పెరిగిన సిగ్నల్ మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకా పెరుగుతుంది, అది మళ్ళీ వెళుతుంది. 1912లో, 21 ఏళ్ళ వయసులో, ఒక రాత్రి ఆ కనెక్షన్ ఇచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. అంతకుముందు చెవులు రిక్కిస్తేనే వినపడే దూరపు స్టేషన్లు గట్టిగా మోగాయి. అమ్మానాన్న ఇంట్లో లేరు. చెల్లెలు నిద్రపోతోంది. పెట్టె చేతిలో పట్టుకుని ఆమె గదిలోకి పరిగెత్తి, గంతులేస్తూ అరిచి లేపేశాడట.

ఇంకో సంగతి కూడా గమనించాడు. ఫీడ్‌బ్యాక్ మరీ ఎక్కువైతే సిగ్నల్ రాకపోయినా బుడ్డి తనంతట తానే ఈల వేస్తుంది. కాలేజ్ ఫెస్ట్‌లో మైకు స్పీకర్ ముందుకెళ్తే వచ్చే కూత ఇదే. బేస్ కండిషన్ లేని రికర్షన్ అనుకోండి. కానీ అతను దాన్ని గోల అనుకోలేదు. తనంతట తానే ఊగే బుడ్డి అంటే తరంగాలు పుట్టించే బుడ్డి. అంటే అదే రిసీవర్, అదే ట్రాన్స్‌మిటర్.

పేటెంట్‌కి డబ్బులడిగితే, ముందు డిగ్రీ పూర్తి చెయ్యి అన్నట్టు నాన్న ఒప్పుకోలేదు (ఏ దేశమైనా నాన్నలు నాన్నలే). ఇంట్లో పెద్దవాళ్ళ సలహాతో సర్క్యూట్ బొమ్మ గీసి నోటరీ ముద్ర వేయించుకున్నాడు. ఆ తేదీ 1913 జనవరి 31. ఆ తేదీ గుర్తుంచుకోండి.

ఒకే హెడ్‌ఫోన్, ఇద్దరు స్నేహితులు

1914 జనవరి చివర, ఎముకలు కొరికే చలిలో, న్యూజెర్సీ తీరంలోని బెల్మార్‌లో మార్కోనీ కంపెనీ స్టేషన్‌లో ఇద్దరు కుర్రాళ్ళు రాత్రంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒకరు ఆర్మ్‌స్ట్రాంగ్. రెండోవాడు ఆ కంపెనీలో పనిచేసే డేవిడ్ సార్నాఫ్. ఐర్లాండ్ వినపడింది, హోనలూలూ వినపడింది. ఆ రాత్రి మొదలైన స్నేహం ముప్ఫై ఏళ్ళకు పైగా నడిచి, కోర్టులో ముగిసింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యం తరఫున పారిస్ వెళ్ళాడు. అక్కడ 1918లో రెండో పెద్ద ఆలోచన వచ్చింది, సూపర్‌హెటెరోడైన్. వచ్చిన ప్రతి స్టేషన్ ఫ్రీక్వెన్సీని ముందు ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చి, అక్కడ యాంప్లిఫై చెయ్యడం. తర్వాత దశాబ్దాల పాటు ఇళ్ళలోకి వచ్చిన రేడియోలన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే పనిచేశాయి, మన తాతల వాల్వు రేడియోలతో సహా.

సార్నాఫ్ ఆర్.సి.ఎ. కంపెనీలో పైకి ఎదిగాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన పేటెంట్లు అమ్మి ఆ కంపెనీలోనే పెద్ద వాటాదారు అయ్యాడు. సార్నాఫ్ సెక్రటరీ మారియన్ మెకిన్నిస్‌ని ప్రేమించాడు. 1923లో ఆర్.సి.ఎ. యాంటెన్నా టవర్ కొసకి ఎక్కి, ఫోటోలు తీయించుకుని ఆమెకి పంపాడు. సార్నాఫ్‌కి ఒళ్ళు మండింది. మారియన్ మాత్రం ఆ డిసెంబర్‌లో అతన్ని పెళ్ళి చేసుకుంది. పెళ్ళి కానుకగా అతను ఆమెకిచ్చింది చేత్తో మోసుకెళ్ళగలిగే సూపర్‌హెట్ రేడియో. హనీమూన్‌లో బీచ్ ఇసుకలో ఆ పెట్టెతో ఇద్దరూ కూర్చున్న ఫోటో ఇప్పటికీ ఉంది.

అదే ఈల, రెండు రకాల చెవులు

ఈలోగా డి ఫారెస్ట్ కేసు వేశాడు. ఫీడ్‌బ్యాక్ నాదే, 1912లోనే మా ల్యాబ్‌లో యాంప్లిఫయర్ ఈల వేసింది, నోట్‌బుక్‌లో రాసుకున్నాం అని వాదన. నిజమే, ఈల వేసింది. కానీ అప్పుడు వాళ్ళు తయారుచేస్తున్నది టెలిఫోన్ యాంప్లిఫయర్. వాళ్ళకి ఆ ఈల ఒక అడ్డంకి.

మా అన్న వైరు జరిపి ఈల ఆపాడు కదా. ఈల ఎవరికైనా వినపడుతుంది. దాని వెనక ఉన్నదేమిటో అర్థం చేసుకోవడం వేరే పని. కానీ కోర్టు చూసింది తేదీలని. కేసు దాదాపు ఇరవై ఏళ్ళు సాగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకచోట గెలిచాడు, ఇంకోచోట ఓడాడు. చివరికి 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పు చెప్పింది.

ఫీడ్‌బ్యాక్ కనిపెట్టినందుకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియో ఇంజినీర్స్ అతనికి తమ మొట్టమొదటి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చి ఉంది. తీర్పు వచ్చాక అతను ఆ మెడల్ వెనక్కి ఇవ్వడానికి వాళ్ళ సమావేశానికి వెళ్ళాడు. వాళ్ళు తీసుకోలేదు. హాల్లో ఇంజినీర్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇక్కడికొచ్చి నేను చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయాను.

గ్లాసులో నీళ్ళ చప్పుడు

ఏ.ఎం. రేడియోలో తరంగం ఎత్తు మారుతుంది. మెరుపు, మోటారు నిప్పురవ్వ కూడా ఎత్తునే మారుస్తాయి, అందుకే ఆ గరగర. తరంగం ఎత్తు కదపకుండా ఫ్రీక్వెన్సీనే మారిస్తే ఎలా ఉంటుంది? దానివల్ల లాభం లేదని బెల్ సంస్థ గణితవేత్త జాన్ కార్సన్ 1922లోనే లెక్కలు వేసి చూపించాడు. ఆ లెక్క ఇరుకు బ్యాండ్‌కి సంబంధించింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఎదురు ప్రయోగం చేశాడు. బ్యాండ్‌ని వెడల్పు చేస్తూ పోయాడు. గరగర మాయమైంది. 1933 డిసెంబర్ 26న పేటెంట్లు వచ్చాయి. అదే ఎఫ్.ఎం.

1935 నవంబర్ 5న న్యూయార్క్‌లో ఇంజినీర్ల ముందు డెమో ఇచ్చాడు. యాంకర్స్‌లోని ఒక మిత్రుడి ఇంటి నుంచి ప్రసారం. గ్లాసులో నీళ్ళు పోశారు. కాగితం చింపారు. అంతే. నీళ్ళు నీళ్ళలాగే, కాగితం కాగితంలాగే వినపడ్డాయి. రేడియోలో అలా వినడం ఆ హాల్లోవాళ్ళకి కొత్త. పాటకీ పాటకీ మధ్య ఏమీ వినపడకపోవడం కూడా వాళ్ళకి కొత్తే.

సార్నాఫ్‌కి కావాల్సింది పాత రేడియోలో గరగర తీసేసే చిన్న పెట్టె. స్నేహితుడు తెచ్చింది పాత రేడియోలన్నీ పక్కన పెట్టాల్సిన కొత్త వ్యవస్థ. పైగా ఆర్.సి.ఎ. డబ్బంతా టెలివిజన్ మీద పెడుతోంది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన పెట్టుకున్న ఎఫ్.ఎం. పరికరాలు తీసేయమని 1935లో చెప్పారు. అతను తీసేసి, సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో 400 అడుగులకు పైగా ఎత్తున్న టవర్ కట్టాడు. 1940లో ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లు ఒకేసారి ఇస్తాం, రాయల్టీ అడగొద్దు అంది. మిగతా కంపెనీలు రాయల్టీ కడుతుంటే వీళ్ళకి మాత్రం ఎందుకు మినహాయింపని ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం అమెరికా సైన్యానికి తన ఎఫ్.ఎం. పేటెంట్లు రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చాడు.

1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం.ని 42–50 మెగాహెర్ట్జ్ నుంచి 88–108కి మార్చింది. జనం కొనుక్కున్న లక్షల సెట్లు, అతను కట్టుకున్న స్టేషన్లు ఒక్క దెబ్బకి పాతబడ్డాయి. 1948లో ఆర్.సి.ఎ. మీద కేసు వేశాడు. ఎఫ్.ఎం. మేమే అభివృద్ధి చేశామని వాళ్ళ వాదన. వాళ్ళ లాయర్లు నెలల తరబడి అతన్ని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. పేటెంట్ల గడువు తీరిపోయింది. డబ్బు కరిగిపోయింది. రాజీపడమంటే వినలేదు. 1953 నవంబర్‌లో డబ్బు విషయంలో గొడవై, మారియన్ చేతి మీద ఇనుప కడ్డీతో కొట్టాడు. ఆమె తన అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళిపోయింది. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ గొప్పవాడని దాచిపెట్టడం కరెక్ట్ కాదు. గాజు బుడ్డిలో రవ్వంత శబ్దాన్ని పట్టుకున్న చెవులకి ఇంట్లో మనిషి మాట వినపడలేదు.

1954 జనవరి 31 రాత్రి, భార్యకి క్షమాపణ ఉత్తరం రాసి, ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. 63 ఏళ్ళు. ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ మీద నోటరీ ముద్ర పడి సరిగ్గా 41 ఏళ్ళు.

ఆ సంవత్సరం చివర్లో ఆర్.సి.ఎ. మారియన్‌తో రాజీకి వచ్చింది. ఇచ్చింది పది లక్షల డాలర్ల పైచిలుకు. 1940లో ఇస్తామన్న మొత్తం కూడా ఇంచుమించు అంతే. మిగతా కంపెనీల మీద కేసులు ఆమె వదల్లేదు. ఒక్కొక్కటీ గెలుస్తూ వచ్చింది. చివరిది 1967లో.

మళ్ళీ మా హాస్టల్‌కి

ఇదంతా చదివాక అన్న గదికి వెళ్ళి, ఆ వైరు మళ్ళీ దగ్గరికి జరపమన్నాను. వింతగా చూశాడు గానీ జరిపాడు. ఈల వచ్చింది. ఈసారి హెడ్‌ఫోన్ చేత్తో దూరంగా పట్టుకుని కాసేపు విన్నాను.

ఇందులో నీతి ఏంటని అడిగితే నా దగ్గర రెండు చిన్న మాటలే ఉన్నాయి. ఒకటి, ప్రోగ్రామ్ రన్ అయినా సరే, ఎందుకు రన్ అయిందో కూర్చుని తెలుసుకోండి. తేదీ వేసి రాసిపెట్టుకోండి కూడా, మన కమిట్ హిస్టరీయే మన నోటరీ ముద్ర. రెండోది, మనం కరెక్టే అయినా పోట్లాట మనల్ని తినేస్తోందనిపిస్తే, ఒంటరిగా మోయకండి. పక్క గది తలుపు కొట్టండి. ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

ఈసారి బస్సులో ఊరెళ్ళేటప్పుడు డ్రైవర్ ఎఫ్.ఎం. పెడితే, ఆ డయల్ మీద అంకెలు చూడండి, 88 నుంచి 108. పాట ఆగి ఇంకో పాట మొదలయ్యేలోపు ఒక్క క్షణం ఏ గరగరా లేని నిశ్శబ్దం ఉంటుంది. అది ఆయన మనకిచ్చిందే.