సర్ రోనాల్డ్ రాస్ – మన జంటనగరాల ఋణం

మహాపురుషుల చరిత్రలు చదివేటప్పుడు మన దృష్టి సహజంగా దూరదేశాల మీదికి పోతుంది. కాని తెలుగువారు చలిజ్వరమనీ, ఉర్దూ మాట్లాడేవారు జాడే కా బుఖార్ అనీ పిలిచే మలేరియా వ్యాధి మర్మం బయటపడింది మన జంటనగరాలలోనే. ఎల్.బి. నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో రైలు ఎక్కి, అమీర్‌పేటలో మారి, బేగంపేటలో దిగితే ఆ చరిత్రకు సాక్షియైన భవనం చేరువలోనే ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆధీనంలోని ఆ భవనం నేడు సర్ రోనాల్డ్ రాస్ పేరుతో వెలుగుతున్నది. ఆ మహాశయుని జీవితాన్నీ, ఆయన చెంత నిలిచి మరుగున పడిపోయిన ఒక సామాన్యుని సేవనూ మా విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయాలని సంకల్పించాము.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదవ ఏట విద్యకై ఇంగ్లండుకు పంపబడ్డాడు. ఆయన మనస్సు కవిత్వం మీద, సంగీతం మీద లగ్నమై ఉండేది. వైద్యవిద్య తండ్రి కోరిక. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి, మద్రాసు రాజధానిలో ఉద్యోగం ఆరంభించాడు. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు తన కిటికీ దగ్గరి నీటితొట్టిలో దోమపిల్లలు పెరుగుతూ ఉండడం గమనించి, ఆ నీటిని పారబోయించాడు. ఇంట దోమల బాధ తగ్గింది. ఈ చిన్న అనుభవం తరువాతి కాలంలో ఆయన బోధకు బీజమయింది.

అప్పటికి మలేరియా చెడుగాలి వలన వస్తుందని లోకం నమ్మేది. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లు చేరుతుందో మాత్రం తెలియలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆ జీవిని రాస్‌కు సూక్ష్మదర్శినిలో చూపి, దోమకు దానితో సంబంధం ఉండవచ్చునని సూచించాడు. ఆ ఊహనే వెంటబెట్టుకొని 1895లో రాస్ సికింద్రాబాదు చేరాడు.

పని సులభం కాలేదు. ఆయన మొదట పరీక్షించినవి వేరు జాతుల దోమలు; వాటిలో ఆ జీవి పెరగదు. మధ్యలో కలరా నివారణకై బెంగుళూరుకు వెళ్లవలసి వచ్చింది. నీలగిరి ప్రాంతంలో తానే మలేరియా వాత పడ్డాడు. 1897 ఆగస్టులో బేగంపేట ఆసుపత్రిలో ఉక్కపోత దుస్సహంగా ఉన్నా పంకా ఊపించలేదు. గాలికి దోమలు ఎగిరిపోతాయని భయం. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి.

ఆ సమయంలో హుస్సేన్ ఖాన్ అనే రోగి ముందుకు వచ్చాడు. రెక్కల మీద మచ్చలు గల దోమలను ఆయన ఒంటి మీదికి వదిలారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా ప్రతిఫలం. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ నొకదానిని కోసి చూడగా, జీర్ణకోశం గోడలో నల్లని రేణువులతో కూడిన గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు పరీక్షించిన దోమలో అవి ఇంకా పెద్దవై ఉన్నాయి. శతాబ్దాల చిక్కుముడి విడిపోయింది. నేడు ప్రపంచ దోమల దినంగా పాటించేది ఆ ఆగస్టు 20వ తేదీనే.

కొద్ది వారాలలోనే రాస్‌ను రాజపుతానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో పక్షుల మలేరియాను పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటు ద్వారా మరొక ప్రాణిలో ప్రవేశిస్తుందని నిరూపించాడు. మానవుల విషయంలో అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ బృందం అనోఫిలిస్ దోమ పాత్రను ధ్రువపరిచింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం, 1911లో సర్ బిరుదు లభించాయి. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన లండనులో కన్నుమూశాడు.

హుస్సేన్ ఖాన్‌కు దక్కింది కొన్ని అణాలే. ఆయన ఊరు, వంశం చరిత్రలో నిలువలేదు. అయినా ఆయన రక్తం లేకుండా ఆ నాటి సత్యం వెలువడేది కాదు. విజ్ఞాన సౌధానికి పునాదిరాళ్లైన ఇట్టివారిని స్మరించడం మన విధి అని మేము భావిస్తున్నాము.

పరిశోధనతో రాస్ కృషి ఆగలేదు. సియెర్రా లియోన్‌లో, సూయెజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియాలో నిలువనీటిని తొలగించే మార్గాన్ని ఉపదేశించాడు. దోమలను సమూలంగా నశింపజేయనక్కరలేదనీ, ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే వ్యాధి తనంతట తానే అంతరిస్తుందనీ గణితంతో చూపాడు.

ఈ బోధను మరచినప్పుడు ఏమయిందో మన దేశమే ఉదాహరణ. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమై, డి.డి.టి. చల్లడం వలన 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగింది. అలసత్వం పెరిగింది, మందుకు దోమ, ఔషధానికి పరాన్నజీవి అలవాటుపడ్డాయి. 1976లో ఆ సంఖ్య 64 లక్షలకు ఎగబాకింది.

టీకా కోసం అన్వేషణ దశాబ్దాలు సాగింది. పరాన్నజీవి కాలేయంలో ఒక రూపం, రక్తంలో మరొక రూపం ధరించడమే చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆర్.టి.ఎస్.,ఎస్., 2023లో ఆర్-21 అనే టీకాలను పిల్లలకు సిఫారసు చేసింది. ఇవి దోమ కాటుతో ప్రవేశించిన జీవిని కాలేయం చేరకముందే అడ్డగించడానికి ఉద్దేశించినవి. అనగా కలకత్తాలో రాస్ చూపిన ద్వారం దగ్గరనే కాపలా అన్నమాట. మొదటి టీకా తయారీకి 2021లో మన హైదరాబాదు సంస్థ భారత్ బయోటెక్‌తో ఒప్పందం కుదరడం, రెండవ దానిని పూనాలోని సీరం సంస్థ తయారుచేయడం మనకు గర్వకారణం. అయితే వీటి రక్షణ సంపూర్ణం కాదు.

కనుక తొట్టి నీటిని పారబోసే పని మిగిలే ఉన్నది. సరూర్‌నగర్ చెరువు పరిసరాల మురుగును చూసి మనం దోమలను నిందిస్తాము. కాని నగరంలో మలేరియాను వ్యాపింపజేసే దోమ ఎక్కువగా మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. మూతలేని సంపులు, మేడమీది ట్యాంకులు, కట్టుబడి స్థలాలలో నిలిచిన నీరు, వసతిగృహాల కూలర్లు దానికి నెలవులు. వారానికొకసారి వాటిని ఆరబెట్టితే దోమపిల్ల దోమ కాజాలదు. ఇందుకు నోబెల్ బహుమానం అక్కరలేదు, శ్రద్ధ చాలు. ఆ శ్రద్ధయే రాస్‌కు, హుస్సేన్ ఖాన్‌కు మనం చెల్లించగల ఋణమని మా విశ్వాసం.