జీతం లేని కొలువులో మాడపాటి

బెల్లంపల్లి: బడికి, గ్రంథాలయానికి భవనం కట్టించే దాతలు దొరుకుతారు. దానిని ఏళ్ల తరబడి నడిపే బాధ్యతను ఉచితంగా నెత్తికెత్తుకునేవారే అరుదు. నిజాం పాలనలోని హైదరాబాదు రాష్ట్రంలో ఆ బరువును జీవితాంతం మోసిన మహనీయుడు మాడపాటి హనుమంతరావు. తెలంగాణ ప్రజలు ఆయనను ఆంధ్ర పితామహుడిగా గౌరవించారు.

1885 జనవరి 22న కృష్ణా జిల్లా పొక్కునూరులో జన్మించిన ఆయన సూర్యాపేటలో మేనమామల ఇంట పెరిగారు. హనుమకొండలో చదివి, అక్కడే విద్యాశాఖలో చిరుద్యోగిగా చేరారు. అనంతరం హైదరాబాదు చేరి, న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణులై 1917లో వకాల్తు చేపట్టారు. ఉర్దూ, పారశీక భాషల్లో ఆయన దిట్ట. జీవనోపాధికి వకీలు వృత్తి ఉండగా, మిగిలిన కాలాన్ని సంస్థలకు ధారపోశారు. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి కార్యదర్శిగా సేవలందించారు.

అవమానం నుంచి సంఘం

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘ సంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేసి కూర్చోబెట్టారు. నొచ్చుకున్న తెలుగువారు ఆ రాత్రే సమావేశమై ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. దాని కార్యదర్శి బాధ్యత మాడపాటిపై పడింది. గ్రామాల్లో గ్రంథాలయాలు, పాఠశాలలు నెలకొల్పడం, వర్తకులు, రైతుల ఇబ్బందులను వెలుగులోకి తేవడం సంఘం చేపట్టిన పనులు.

గుర్తింపా? మాతృభాషా?

1928లో బాలికల కోసం తెలుగు మాధ్యమంలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల ప్రారంభమైంది. ఆనాడు ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి తప్పనిసరి. ఉన్నత విద్య ఉర్దూలోనే సాగాలన్నది ప్రభుత్వ విధానం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగు మాధ్యమంలో నడిచే ఉన్నత పాఠశాలకు గుర్తింపు లభించలేదు.

ఉర్దూకు మారితే చిక్కు తొలగేది. ఉర్దూలో పండితుడైన మాడపాటికి ఆ భాషపై ద్వేషమూ లేదు. అయితే ఇంట తెలుగే మాట్లాడే ఆడపిల్లలు పరాయి భాషలో చదవలేక బడికే దూరమవుతారు. గుర్తింపు లేని బడికి పిల్లలను పంపేందుకు తల్లిదండ్రులు జంకుతారు. పాలకవర్గం ముందున్న సంకటమది.

బోధన భాషను మార్చకుండానే మాడపాటి మరో దారి వెతికారు. స్త్రీల కోసం 1916లో కార్వే స్థాపించిన విశ్వవిద్యాలయానికి పాఠశాలను అనుబంధం చేశారు. హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు బాలికలు ఆ విశ్వవిద్యాలయ పరీక్షలకు హాజరయ్యారు. ఏ మహర్షి అధ్యక్షత వహించిన సభలో తెలుగు మాటకు చోటు దక్కలేదో, ఆయన స్థాపించిన విద్యాసంస్థే తెలుగు బడికి అండ అయింది.

సిరిసిల్లలో అధ్యక్షుడు

కరీంనగర్ ప్రాంతంతోనూ ఆయనకు అనుబంధం ఉంది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. ఆనాడు బహిరంగ సభలకు గస్తీ నిషాన్ 53 ఆంక్షలు అడ్డుగా ఉండేవి. చట్టాన్ని ధిక్కరించకుండా, పట్టు విడవకుండా పనులు సాధించుకోవడం మాడపాటి పద్ధతి. యువతరంలో కొందరికి ఆ నిదానం రుచించలేదు. 1940 దశకంలో మహాసభ అతివాద మార్గం పట్టింది. ఆయన మాత్రం బడిని, గ్రంథాలయాన్ని వదలలేదు.

పదవులు ఆలస్యంగా వరించాయి. 1951లో హైదరాబాదు మేయరయ్యారు. 1955లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1958 నుంచి 1964 వరకు శాసనమండలి అధ్యక్షులుగా వ్యవహరించారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. బాలికల పాఠశాలకు తరువాత ఆయన పేరే పెట్టారు.

ఊరి బడి కమిటీల్లో, గ్రంథాలయ సంఘాల్లో జీతం లేకుండా కూర్చునేవారికి మాడపాటి జీవితం ఒక పాఠం. సంస్థను నిలబెట్టడం ఎంత అవసరమో, అది ఎవరి కోసం పుట్టిందో మరువకపోవడమూ అంతే అవసరం.