కొలువు పోయిన కెప్టెన్, పొలంలో పడివున్న పడవ

1898 ఏప్రిల్ 11న దక్షిణ అట్లాంటిక్ నడుమ ఉన్న సెయింట్ హెలెనా దీవి ముందు ఒక చిన్న తెరచాప పడవ లంగరు దించింది. పొడవు 37 అడుగులకు కాస్త తక్కువ. అందులో ఉన్నది ఒక్కడే మనిషి. వయసు 54, తల మీద జుట్టు దాదాపు లేదు. ఈత రాదు. వేళ తెలుసుకోవడానికి అతని దగ్గరున్నది నిమిషాల ముల్లు ఊడిపోయిన ఒక రేకు గడియారం. అప్పటికి మూడేళ్లుగా అతను ఒంటరిగా భూగోళాన్ని చుట్టివస్తున్నాడు. అంతకుముందు ఒంటరిగా ఆ పని పూర్తి చేసినవాళ్లెవరూ లేరు.

జాషువా స్లోకం పేరు చెప్పగానే తెరచాప పడవల మీద సెలవులు గడిపే నేటి సంపన్న యాత్రికులకు గౌరవం పొంగుతుంది. అజోర్స్, కేప్ వెర్డె, సెయింట్ హెలెనా, అసెన్షన్ వంటి అగ్నిపర్వత దీవులను ఒక్కొక్కటీ తాకుతూ వారాల తరబడి సాగే విహారయాత్రలకు అతన్ని మూలపురుషుడిగా చెప్పుకుంటారు. స్లోకం మాత్రం విహారానికి బయలుదేరలేదు. చేతనైన ఒకే ఒక్క పనికి లోకంలో గిరాకీ పోయింది కనుక బయలుదేరాడు.

అతను 1844 ఫిబ్రవరి 20న కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో పుట్టాడు. పదకొండు మంది సంతానంలో ఐదోవాడు. తండ్రికి సేద్యం కలిసిరాక బ్రయర్ ఐలాండ్ అనే చిన్న దీవిలో జాలర్లకు బూట్లు కుట్టే దుకాణం పెట్టాడు. పదేళ్ల పిల్లవాడిని బడి మాన్పించి తోలు పనిలో కూర్చోబెట్టాడు. పిల్లవాడు దొంగచాటుగా చెక్కుకున్న బొమ్మ ఓడను చూసి కోపంతో నేలకేసి కొట్టి ముక్కలు చేశాడని కుటుంబంలో చెప్పుకునేవారు. పద్నాలుగేళ్లకు ఇంట్లోంచి పారిపోయి చేపల పడవలో వంటవాడిగా చేరాడు. తల్లి చనిపోయాక పదహారేళ్లకు మళ్లీ వెళ్లాడు, ఈసారి తిరిగి రాలేదు. కళాసీగా చేరి మెట్టుమెట్టుగా ఎదిగి, పాతికేళ్ల వయసులో, 1869లో కెప్టెన్ అయ్యాడు.

ఆ ఏడాదే సూయెజ్ కాలువ తెరుచుకుంది. గాలి లేని ఎర్ర సముద్రంలో తెరచాప ఓడ నడవడం కష్టం, ఆవిరి ఓడకు ఆ బాధ లేదు. యూరప్ నుంచి ఆసియాకు దగ్గర దారి ఆవిరి ఓడల సొత్తయింది. స్లోకం తన వృత్తిలో తొలిమెట్టు ఎక్కిన రోజుల్లోనే ఆ వృత్తి కింద నేల జారడం మొదలైంది. తర్వాత పదిహేనేళ్ల దాకా అతనికి ఆ సంగతి పెద్దగా తగల్లేదు. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె భర్తతో పాటు ఓడల మీదే పదమూడేళ్లు కాపురం చేసింది. ఏడుగురు పిల్లలు పుట్టారు, నలుగురు బతికారు. అలాస్కా, ఫిలిప్పీన్స్, చైనా, ఆస్ట్రేలియా అన్నీ వాళ్లకు ఇంటి వీధుల్లాంటివి. 1880ల మొదట్లో నార్తర్న్ లైట్ అనే పెద్ద ఓడలో వాటా కొని దానికి కెప్టెన్ కావడం అతని జీవితంలో శిఖరం.

ఆ ఓడలోనే అతని రెండో ముఖం కూడా కనిపిస్తుంది. కింది సిబ్బంది తిరగబడ్డారు, ఒక అధికారి కత్తిపోటుకు బలయ్యాడు. ఆ తర్వాత ఒక నావికుడిని వారాల తరబడి సంకెళ్లలో ఉంచినందుకు న్యూయార్క్ కోర్టు స్లోకంను దోషిగా తేల్చి జరిమానా వేసింది. ఆనాటి కెప్టెన్లందరూ అలాగే ఉండేవారని అభిమానులు సర్దిచెబుతారు. అందులో కొంత నిజం ఉంది. కానీ అందరూ కోర్టు మెట్లెక్కలేదు.

1884లో అక్విడ్నెక్ అనే సొంత ఓడ బ్యూనస్ ఎయిర్స్‌లో ఉండగా వర్జీనియా చనిపోయింది. ఆమెకు 34 ఏళ్లు. ఆ తర్వాత తండ్రి మునుపటి మనిషి కాలేదని పిల్లలు పెద్దయ్యాక చెప్పారు. రెండేళ్లకు తనకంటే చాలా చిన్నదైన బంధువుల అమ్మాయి హెట్టీని పెళ్లాడాడు. ఆమెకు సముద్రం అచ్చిరాలేదు. ఓడలో మశూచి పాకింది. మరో తిరుగుబాటులో స్లోకం ఒకరిని కాల్చి చంపాడు, ఆత్మరక్షణ అని కోర్టు వదిలేసింది. 1887 చివర్లో బ్రెజిల్ తీరాన ఇసుక మేటకు తగిలి ఓడ విరిగింది. దానికి బీమా లేదు.

అతనిలోని వడ్రంగి బయటపడింది అక్కడే. కూలిన ఓడలో మిగిలినవాటినీ, ఒడ్డున దొరికిన కలపనూ కలిపి 35 అడుగుల పడవ కట్టాడు. అది నీళ్లలోకి దిగిన 1888 మే 13 బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన రోజు. అందుకే దానికి పోర్చుగీసులో స్వేచ్ఛ అని అర్థం వచ్చేలా లిబర్‌దాదె అని పేరు పెట్టాడు. భార్యనూ ఇద్దరు కొడుకులనూ ఎక్కించుకుని అయిదు వేల మైళ్లకు పైగా నడిపి అమెరికా చేర్చాడు. ఒడ్డు చేరిన హెట్టీ ఆ తర్వాత భర్తతో సముద్ర ప్రయాణం పెట్టుకోలేదు.

అక్కడి నుంచి నాలుగేళ్లు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బోస్టన్ రేవులో ఆవిరి ఓడలు బారులు తీరాయి. వాటిలో కొలువుకు పోవడానికి అతనికి అభిమానం అడ్డొచ్చింది. రేవులో కూలిపని దొరికినా కార్మిక సంఘం రుసుము కట్టాలన్నారు. 1892 చలికాలంలో ఎబెన్ పియర్స్ అనే పాత తిమింగిలాల వేట కెప్టెన్ ఎదురుపడి, ఫెయిర్‌హేవెన్‌లో ఒక ఓడ ఉంది, కాస్త మరమ్మతు చేసుకుంటే నీదే అన్నాడు. వెళ్లి చూస్తే పొలంలో, నీటికి దూరంగా, గోనెగుడ్డ కప్పిన ఒక పాత ఆల్చిప్పల పడవ. పేరు స్ప్రే. ఎన్నేళ్లదో ఊళ్లో ఎవరికీ తెలియదు. పియర్స్ వేళాకోళం ఆడాడు.

స్లోకం వేళాకోళాన్ని ఒప్పందంగా తీసుకున్నాడు. ఊరి పక్కన ఓక్ చెట్టు కొట్టి అడుగుదూలం చేశాడు, పక్కటెముకల్లాంటి కొయ్యలను ఆవిరి పట్టి వంచాడు, ఒక్కో పలకా మార్చాడు. 13 నెలలు పట్టింది. సామగ్రికి ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. చివరికి పాత పడవలో మిగిలింది పేరూ రూపమూ మాత్రమే. దానితో ఒక సీజన్ చేపలు పట్టి చూశాడు, ఆ విద్య అబ్బలేదు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి తెరచాప ఎత్తాడు.

జులై మొదట్లో నోవా స్కోషియా తీరం కనుమరుగయ్యాక 18 రోజులకు అజోర్స్ దీవులు కనిపించాయి. సముద్రంలోంచి నిటారుగా లేచిన పికో అగ్నిపర్వతం ఎత్తు 2,351 మీటర్లు, పోర్చుగల్ మొత్తంలో అంత ఎత్తైన శిఖరం లేదు. దానికి ఎదురుగా ఉన్న ఫయాల్ దీవిలోని హోర్తా రేవులో జులై 20న ఆగాడు. ఈనాడు హోర్తా అట్లాంటిక్ దాటే పడవలన్నిటికీ మజిలీ. అక్కడి గోడల మీద తమ పడవ బొమ్మ వేయకుండా వెళ్తే అరిష్టమని నావికుల నమ్మకం. అప్పుడు అదంతా లేదు. ఊరివాళ్లు పళ్లూ వెన్నా కానుకలుగా తెచ్చారు. అమెరికా కాన్సల్ ఇచ్చిన తెల్ల చీజ్‌ను రేగుపళ్లలాంటి ప్లమ్ పళ్లతో కలిపి తిన్న స్లోకం, రేవు దాటాక తుపాను వేళ కడుపు నొప్పితో కేబిన్‌లో మెలికలు తిరిగి స్పృహ తప్పాడు. కళ్లు తెరిచేసరికి చుక్కాని దగ్గర పాతకాలపు దుస్తుల్లో ఒక పొడవాటి మనిషి నిలబడి ఉన్నట్టు కనిపించింది. తాను కొలంబస్ ఓడల్లో ఒకటైన పింటాను నడిపినవాడినని ఆ ఆకారం చెప్పిందట. తెల్లారి లెక్క చూసుకుంటే పడవ దారి తప్పకుండా 90 మైళ్లు వచ్చింది.

దయ్యం సంగతి ఎలా ఉన్నా పడవ గుణం నిజం. చుక్కానిని తాడుతో కట్టేసి తెరచాపలు సరిచేస్తే స్ప్రే గంటల తరబడి తనంతట తాను దారి పట్టి నడిచేది. తర్వాత హిందూ మహాసముద్రంలో 2,700 మైళ్లు 23 రోజుల్లో దాటినప్పుడు అతను చుక్కాని పట్టుకున్నది మొత్తం మీద మూడు గంటలే. మనిషి ఒంటరిగా లోకాన్ని చుట్టగలిగిన రహస్యం ధైర్యం కన్నా ఈ సమతూకంలోనే ఎక్కువ ఉంది.

అసలు ఆలోచన మధ్యధరా, సూయెజ్ గుండా తూర్పుకు పోవడం. మధ్యధరాలో దొంగల బెడద ఉందని జిబ్రాల్టర్‌లోని బ్రిటిష్ నౌకాధికారులు చెప్పడంతో పడవను పడమటికి తిప్పాడు. అయినా మొరాకో తీరంలో ఒక దొంగల పడవ వెంటపడింది, అలల ధాటికి దాని కొయ్య విరగడంతో బయటపడ్డాడు. కానరీలు, కేప్ వెర్డె దీవులు ఆగకుండా దాటి బ్రెజిల్ చేరాడు. అక్కడి నుంచి మెజిలాన్ జలసంధి, పసిఫిక్, ఆస్ట్రేలియా, మారిషస్, దక్షిణాఫ్రికా. భారత తీరాన్ని స్ప్రే తాకలేదు.

1898 మార్చి 26న కేప్‌టౌన్ వదిలాక ఆగ్నేయ వ్యాపార పవనాలు వెనక నుంచి తోసుకుపోయాయి. కేప్ నుంచి సెయింట్ హెలెనాకు, అక్కడి నుంచి అసెన్షన్‌కు, తర్వాత బ్రెజిల్ మూపు దాకా గాలే వేసిన బాట అది. మన తీరాల నుంచి మిరియాలూ వస్త్రాలూ నింపుకుని యూరప్ తిరిగిపోయిన ఓడలన్నీ ఆ బాటన నడిచినవే. మంచినీళ్లూ ఆకుకూరలూ దొరికే సెయింట్ హెలెనా వాటికి ప్రాణం పోసింది. ఆ దీవి తొలి నివాసి కథ గోవాలో మొదలవుతుంది. ఫెర్నావ్ లోపెష్ అనే పోర్చుగీసు సైనికుడు బీజాపూర్ పక్షానికి ఫిరాయించగా, అల్బుకెర్క్ అతని ముక్కు, చెవులు, కుడిచెయ్యి కోయించాడు. స్వదేశానికి పోతూ దారిలో ఆ నిర్జన దీవిలో దిగిపోయిన లోపెష్ దాదాపు 30 ఏళ్లు అక్కడే గడిపాడు. తర్వాత దీవి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఏటా వెయ్యి ఓడలు ఆగిన రేవులో 1880ల చివరికి అవి మూడు వందల లోపుకు పడిపోయాయి. స్లోకం బతుకును తిప్పేసిన కాలువే ఆ దీవినీ ఎండగట్టింది.

అప్పటి గవర్నర్ ఆర్.ఎ. స్టెర్న్‌డేల్‌కు భారత్‌తో గాఢమైన సంబంధం ఉంది. మధ్య పరగణాల్లో పనిచేసి, భారత క్షీరజాతుల మీద పుస్తకం రాసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికకు తొలి సంపాదకుల్లో ఒకడైన మనిషి. సాత్పురా అడవుల్లోని సివనీ మీద అతను రాసిన పుస్తకం కిప్లింగ్ జంగిల్ బుక్‌కు ఉపయోగపడిందంటారు. ఆయన స్లోకంను తన భవనంలో, దయ్యం తిరుగుతుందని పేరుపడిన గదిలోనే పడుకోబెట్టాడు. జేమ్స్‌టౌన్‌లో ఉపన్యాసం ఇప్పించాడు. నెపోలియన్ చనిపోయిన లాంగ్‌వుడ్ ఇల్లు చూపించారు.

బయలుదేరేముందు ఆ ఊళ్లోని ఒక అమెరికన్ తోడుగా ఉంటుందని ఒక మేకను ఇచ్చాడు. మేక తాళ్లు కొరికి తెంచుకుంది, కరీబియన్ సముద్రపు పటాన్ని నమిలేసింది, స్లోకం గడ్డి టోపీని కూడా మింగింది. ఏప్రిల్ 27న అసెన్షన్ చేరగానే దాన్ని ఒడ్డుకు దించేశాడు. ఎండిన లావా, బూడిద తప్ప మరేమీ లేని ఆ దీవిని బ్రిటిష్ నౌకాదళం ఒక యుద్ధనౌకలా లెక్కకట్టి నడిపేది. నెపోలియన్‌ను ఎవరూ తప్పించకుండా 1815లో పెట్టిన కాపలా దళం అతను పోయాక కూడా కదల్లేదు. కొండ కొసన మాత్రం వృక్షశాస్త్రవేత్త హుకర్ సలహాతో నాటిన చెట్లు పచ్చగా పెరిగాయి. పడవలో ఇంకెవరూ దాగి లేరని రుజువుగా స్లోకం అక్కడి అధికారి చేత పడవంతా పొగ పెట్టించి పత్రం రాయించుకున్నాడు. లోకం తనను నమ్మదని అతనికి తెలుసు.

మే 8న, మూడేళ్ల కిందట తాను వెళ్లిన గీతను స్ప్రే దాటింది. ప్రదక్షిణ పూర్తయింది. వారం తిరగకముందే అమెరికా యుద్ధనౌక ఆరెగాన్ ఎదురై, శత్రు ఓడలేమైనా కనిపించాయా అని జెండాలతో అడిగింది. స్పెయిన్‌తో యుద్ధం మొదలైన సంగతి అతనికి అప్పుడే తెలిసింది. పరస్పర రక్షణ కోసం కలిసి వెళ్దామని తన 37 అడుగుల పడవ నుంచి బదులిచ్చాడు. పటం లేకుండానే కరీబియన్ దీవులు దాటి, జూన్ 27 అర్ధరాత్రి దాటాక మందుపాతరలు పరిచిన న్యూపోర్ట్ రేవులోకి రాళ్ల పక్కగా జారుకున్నాడు. మొత్తం 46,000 మైళ్లు. పత్రికల నిండా యుద్ధమే ఉంది.

1900లో వచ్చిన అతని యాత్రా గ్రంథం సెయిలింగ్ అలోన్ ఎరౌండ్ ది వరల్డ్ బాగా అమ్ముడైంది, నేటికీ అచ్చులో ఉంది. మూడో తరగతి దాటని మనిషి రాసిన ఆ పుస్తకంలో డాంబికం లేదు, తన మీద తనే వేసుకున్న ఛలోక్తులు చాలా ఉన్నాయి. లేనివి కూడా గమనించాలి. సంకెళ్లలో మగ్గిన నావికుడు అందులో కనిపించడు. 1902లో మార్థాస్ వైన్‌యార్డ్ దీవిలో తోట కొని సేద్యం చేయబోయాడు, నిలవలేకపోయాడు. 1906లో న్యూజెర్సీలోని రివర్టన్‌లో పన్నెండేళ్ల బాలికపై లైంగిక నేరం ఆరోపణతో అరెస్టయ్యాడు. మొదట పెట్టిన అత్యాచార నేరం నిలవలేదు, అసభ్య ప్రవర్తన అభియోగాన్ని అతను ఎదిరించలేదు. 42 రోజులు జైల్లో ఉన్నాడు. మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టవద్దని జడ్జి ఆదేశించాడు. చాలా స్మారక వ్యాసాలు ఈ పేరా దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాయి. ఆ ఏడాదే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకు ఆర్చీ అతనితో పడవ షికారుకు వెళ్లాడు. ప్రఖ్యాతి చేసే మేలు అలాంటిది.

నౌకాదళ అధికారి దిలీప్ దోండే 2010లో నాలుగు మజిలీలతో ఒంటరి ప్రదక్షిణ పూర్తిచేసి ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు. స్లోకం తర్వాత 112 ఏళ్లకు. అతని వెనక నౌకాదళమూ ఉపగ్రహ ఫోనూ ఉన్నాయి. స్లోకం వెనక ఎవరూ లేరు.

చివరి ఏళ్లలో స్ప్రే తాళ్లు పాడై, చెక్క అలసిపోయి ఉందని చూసినవాళ్లు రాశారు. చలికాలాలు దక్షిణాన గడిపే అలవాటున్న స్లోకం, ఈసారి ఒరినోకో నది మీదుగా అమెజాన్ దాకా పోతానని చెప్పి వైన్‌యార్డ్ హేవెన్ నుంచి బయలుదేరాడు. కోర్టు రికార్డులో ఆ తేదీ 1909 నవంబరు 14. తర్వాత పడవ గానీ మనిషి గానీ చెక్కముక్క గానీ ఎవరికీ కనిపించలేదు. రాత్రివేళ ఏదో ఆవిరి ఓడ గుద్ది ఉంటుందని కొడుకు విక్టర్ నమ్మాడు. 1924లో కోర్టు జాషువా స్లోకం మరణించినట్టు చట్టప్రకారం ప్రకటించింది.