ఎడ్మండ్ బెకెరెల్

వెలుతురు సోకినంతనే విద్యుత్తు పుట్టునని లోకమునకు మొదట చూపినవాడు 19 ఏండ్ల యువకుడు. అతడే ఎడ్మండ్ బెకెరెల్. ఈయన 1820 మార్చి 24వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి ఆంట్వాన్ సెజార్ విద్యుద్రసాయన శాస్త్రమున పేరెన్నిక గన్నవాడు. గొప్ప విద్యాలయములలో ప్రవేశము లభించినను కుమారుడు అటు పోక, తండ్రి ప్రయోగశాలలో సహాయకుడుగా చేరెను.

1839లో అతడు వెండి లవణము పూసిన ప్లాటినము రేకులను ఆమ్లజలమున ముంచి, తీగలతో విద్యున్మాపకమునకు కలిపెను. ఒక రేకును చీకటిలో నుంచి రెండవదానిపై వెలుతురు పడనిచ్చినంతనే సూచి కదలెను. ఇది వట్టి వేడిమి ఫలమేమోయని ఎవరికైనను శంక కలుగును. అట్లయినచో ఎఱ్ఱని కిరణములే హెచ్చుగా పనిచేయవలసియుండును. కాని నీలము, ఊదా కిరణములకే ఫలము మిక్కుటముగా కానవచ్చెను. వెలుతురులోని శక్తి లవణపు పొరలోని ఎలక్ట్రానులను విడిపించును. రెండు పదార్థములు కలిసెడి సరిహద్దున అవి వేరుపడి, తిరిగి కలియకమునుపే తీగ వెంట సాగును. ఈ కారణము ఆ కాలమున ఎవరికిని తెలియదు. ఎలక్ట్రాను అను పేరే అప్పటికి పుట్టలేదు.

1848లో సూర్యుని సప్తవర్ణములను ఆయన వెండి రేకుపై రంగులతోనే పట్టెను. పాపము, ఆ చిత్రమును స్థిరపరచు ఉపాయము దొరకలేదు. పట్టిన వెలుతురే దానిని చెఱిపివేయుచుండుటచే చీకటిలో దాచవలసివచ్చెను. పిమ్మట వెలుతురు తొలగినను కొంతసేపు మెఱయు పదార్థములను పరీక్షించుటకు ఒక యంత్రమును కల్పించెను. ఆ పదార్థములలో యురేనియము లవణము లుండెను. 1896లో కుమారుడు హెన్రీ ఆ లవణములతోనే రేడియోధార్మికతను కనుగొని, 1903లో నోబెల్ బహుమానము నందెను. నేడు బెకెరెల్ అన్నచో జనులకు స్ఫురించునది హెన్రీయే.

1878లో తండ్రి మరణింపగా ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలయందలి భౌతికశాస్త్ర పీఠము ఎడ్మండునకు వచ్చెను. తరువాత హెన్రీయు, అతని కుమారుడు జాన్‌యు దానినే అధిష్ఠించిరి. నాలుగు తరములు! వంశపారంపర్యపు మిరాసీ యనుకొన నక్కరలేదు. నలువురును పని చేసి చూపినవారే.

1839 నాటి ఫలము మాత్రము చిరకాలము వింతగానే మిగిలిపోయెను. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియముపై పలుచని బంగారు పొర నద్ది ఘటము చేసెను గాని, పడిన వెలుతురులో నూటికి ఒక పాలైనను సరిగా విద్యుత్తు కాలేదు. 1954లో బెల్ ప్రయోగశాలవారు సిలికాను పొరలతో నూటికి ఆరుపాళ్లు రాబట్టిరి. ఎడ్మండ్ అంతకు 63 ఏండ్ల క్రిందటనే, 1891 మే 11వ తేదీన, పారిస్ నగరమున కన్నుమూసెను.