దుర్గారామ్ మెహతాజీ

తపతీ తీరమందలి సూరతు నగరమున 1809వ సంవత్సరమున ఒక నాగర బ్రాహ్మణ కుటుంబమందు దుర్గారామ్ మంఛారామ్ జన్మించిరి. బొంబాయిలో శిక్షణము పొంది, స్వనగరమందలి ప్రభుత్వ గుజరాతీ పాఠశాలలో ఉపాధ్యాయులైరి. గుజరాతు దేశమున ఆ కాలమున బడిపంతులును మెహతాజీ యనుచుండిరి. ఆ వృత్తినామముతోనే వారు ప్రసిద్ధులైరి.

బడిలో బాలునకు గరపిన వివేకము ఇంటిలోని పెద్దల మూఢవిశ్వాసముల నడుమ నిలువజాలదు. కావున పెద్దలకును ఒక పాఠశాల యుండవలెను. మెహతాజీ కృషికంతటికి ఇదియే మూలమని చెప్పవచ్చును. 1842లో వారు మిత్రులతో గూడి పుస్తక ప్రసారక మండలిని స్థాపించి, శిలాముద్రణ యంత్రమును నెలకొల్పిరి. 1844 జూన్ 22వ తేదీన దాదోబా పాండురంగ్ మొదలగువారితో కలసి మానవధర్మ సభను ప్రారంభించిరి. మన వీరేశలింగం పంతులుగారు జన్మించుటకు అది నాలుగేండ్లు ముందు.

ఈశ్వరు డొక్కడే, మనుష్యజాతి యొక్కటే, మనుష్యుని గొప్పతనము గుణమువలననే గాని కులమువలన గాదు అని ఆ సభ చాటెను. సభ బహిరంగముగా జరుగుచుండెను. అందు ప్రశ్నించుటకు, వాదించుటకు ఎల్లరకు నవకాశ ముండెను. భూతప్రేతముల పేర ప్రజలను భయపెట్టు మంత్రగాండ్రను తమ శక్తిని అందరియెదుట నిరూపింపుడని మెహతాజీ సవాలుచేసిరి. సభలో జరిగిన చర్చలను స్వయముగా వ్రాసి యుంచిరి.

వితంతు వివాహమును వారు బలముగా సమర్థించిరి. కాని భార్యావియోగానంతరము తాము పునర్వివాహము చేసికొన్నప్పుడు వితంతువును గాక కన్యనే వరించిరి. అందుచే నిందకు పాత్రులైరి. పదిమందిలో పలికిన మాటకు పలికినవాడే మొదట బద్ధుడు. ఇతరులను నిలదీయ నేర్పిన గురువును లోకము నిలదీయుట సహజమే కదా!

1852లో ఉద్యోగరీత్యా వారు రాజకోటకు బదిలీ యగుటతో సభ అంతరించెను. మెహతాజీ 1876లో పరమపదించిరి. సూరతువాసియే యగు మహీపత్‌రామ్ రూపరామ్ ఆ చర్చల వ్రాతల నాధారముగా గొని వారి చరిత్రమును రచించి 1879లో ప్రకటించిరి. సభ ఎనిమిదేండ్లే నడచినను, ధర్మవిషయమై సామాన్యుడును నలుగురిలో లేచి నిర్భయముగా ప్రశ్నింపవచ్చునని సూరతు నేర్చినది. ఆ పాఠము, నేర్పినవారి లోపమువలన వ్యర్థము కాలేదు.