కాకినాడ చేరిన హాల్డేన్

ఉద్యోగంలో పడ్డాక నాకు నవలలు చదవడం తగ్గిపోయి, సైన్సు, చరిత్ర, చావు కలగలిసిన నిజజీవితాల పుస్తకాల పిచ్చి పట్టుకుంది. అలా చదివినవాళ్లలో నా మనసులో గట్టిగా నిలిచిపోయినవారు జె.బి.ఎస్. హాల్డేన్. మన మాస్టార్లకూ, తోటి పూర్వ విద్యార్థులకూ ఆయన గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శాస్త్రవేత్త. బొగ్గుగనుల్లో విషవాయువును ముందే పసిగట్టడానికి చిన్న పిట్టల్ని వెంట తీసుకెళ్లమని చెప్పింది ఆయనే. కొడుకునీ చిన్నప్పుడే గనిలోకి దించారు. పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారట. కాసేపటికే కుర్రాడు ఆయాసపడి కూలిపోయాడు. నేల దగ్గర గాలి బాగానే ఉండటంతో తేరుకున్నాడు. మీథేన్ గాలికంటే తేలికని ఆ పిల్లవాడికి ఇక ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేకపోయింది.

హాల్డేన్ కాలేజీలో చదివింది లెక్కలు, ఆ తర్వాత గ్రీకు, లాటిన్. సైన్సులో డిగ్రీయే లేదు. అయినా డార్విన్ సిద్ధాంతాన్ని లెక్కల్లోకి దించి, జన్యుశాస్త్రానికి కొత్త పునాది వేసిన ముగ్గురిలో ఒకరయ్యారు. మిగిలిన ఇద్దరు ఫిషర్, సీవాల్ రైట్.

1939 జూన్ 1న థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. వాళ్లకు లోపల ఏం జరిగిందో తెలుసుకోవడానికి హాల్డేన్ మరికొందరితో కలిసి ఉక్కు గదిలో తలుపులు బిగించుకుని, గాలి చెడేదాకా కూర్చున్నారు. తర్వాత యుద్ధకాలంలో నౌకాదళం కోసం అధిక పీడనం, చలి, ఆక్సిజన్ తన ఒంటిమీదే పరీక్షించుకున్నారు. ఒకసారి ఫిట్స్ వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. కర్ణభేరి చిల్లుపడితే, చెవిలోంచి సిగరెట్టు పొగ వదలగలనని గొప్పగా చెప్పుకునేవారు.

నా ఉద్యోగంలో ట్యాంకుల్లోకి, వాల్వు గదుల్లోకి మనుషుల్ని దించే పర్మిట్ల మీద సంతకం నాది. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే ఎవర్నీ దించం. మీటరు మీద అంకె చూసినప్పుడల్లా, ఇలాంటి హద్దులు తెలుసుకోవడానికి తమ ఊపిరితిత్తుల్నే పణంగా పెట్టిన ఆ తండ్రీకొడుకులు గుర్తొస్తారు. లోపలికి దిగేవాడికి ఇల్లూ పిల్లలూ ఉంటారన్న సంగతీ గుర్తొస్తుంది.

1957లో హాల్డేన్ మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. మన బట్టలు కట్టారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. ఖరీదైన పరికరాలు లేవని సైన్సు ఆగదని ఆయన నమ్మకం. ఒక శిష్యుడు పారిజాతం పూలకు రేకులెన్నో లెక్కపెట్టాడు. మరొకరు కొబ్బరిచెట్టు ఆకులు కుడివైపు తిరుగుతాయా, ఎడమవైపా అని చూశారు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారూ ఆయన శిష్యులే. తర్వాత గురువుగారి జీవితచరిత్ర రాశారు. ప్రయోగశాల లేదని బాధపడే మాస్టార్లకు ఇంతకంటే ధైర్యం ఏముంటుంది?

1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కు మారారు. మరుసటి ఏడాదే పెద్దపేగు చివర క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేయించుకుని, తన జబ్బు మీద తానే నవ్వు పుట్టించే పద్యం రాసి అచ్చువేయించారు. అనుమానం రాగానే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నదే దాని సారాంశం. తాను పోయాక ప్రసారం చేయడానికి బీబీసీ కోసం తన గురించి తానే మాట్లాడి రికార్డు చేయించారు.

1964 డిసెంబరు 1న ఆయన కన్నుమూశారు. దేహాన్ని పరిశోధనకో, బోధనకో ఇమ్మని, అది పాడవకుండా చల్లగా ఉంచే ఖర్చును తన ఆస్తిలోంచి ముందుగా చెల్లించమని వీలునామాలో రాసి ఉంచారు. దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆ కళాశాలకు అప్పటికి ఆరేళ్లు.

ఇది చదివాకే నేనూ శరీరదానం ఫారం తెచ్చుకున్నాను. నా సంతకం అయింది. ఇంట్లోవాళ్లు సాక్షి సంతకాలు పెట్టే చోటు మాత్రం ఖాళీగానే ఉంది. దహనం, పిండం లేకుండా మనిషిని ఎలా సాగనంపుతామని మా అమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్న చిన్నది కాదు. రేపు నన్ను తలుచుకుని ఏడ్చేవాళ్లకు ఒక ఆచారం, ఒక చోటు కావాలి కదా. అందుకే తొందరపెట్టను. ఏ ఆదివారమో అన్నాలయ్యాక మళ్లీ ఆ మాట ఎత్తుతాను.

మన బడి నుంచి వెళ్లి డాక్టర్లయినవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి ఏడాది వాళ్లందరికీ నోరు మెదపకుండా పాఠం చెప్పింది, పేరు తెలియని ఓ మనిషి దేహమే. ఈ స్వర్ణోత్సవంలో మన గురువులకు శాలువాలు కప్పేటప్పుడు, ఆ మాస్టార్లకూ మనసులో ఓ నమస్కారం పెడదాం.